ఇన్‌ఫ్లో అంకెలతో టీఎంసీల లెక్క: పట్టీలో ఏ ఎత్తు తీసుకోవాలి?

ఎంపీసీ_సెకండియర్ | సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. మాది కాలువ కింద వ్యవసాయం. వరద మొదలైందంటే పొద్దున్నే మా ఇంట్లో పేపర్ తెరిచి ముందు చూసేది ఇన్‌ఫ్లో ఎంత అన్నదే. పోయిన వారం మా నాన్న "డ్యాంలోకి అరవై వేల క్యూసెక్కులు వస్తోందట. రేపు పొద్దుటికి ఎన్ని టీఎంసీలు చేరతాయో లెక్కేసి చెప్పమ్మా" అన్నారు.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. 60,000ని 86,400తో గుణిస్తే 518 కోట్ల 40 లక్షల ఘనపుటడుగులు. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు కాబట్టి 5.18 టీఎంసీలు అని చెప్పేశాను.

మర్నాడు చూస్తే నిల్వ దాదాపు 13 టీఎంసీలు పెరిగింది! గేట్లు ఎత్తలేదు, కాలువలకూ నీళ్లు వదల్లేదు. నాన్న ఏమీ అనలేదు కానీ నాకే మనసు ఒప్పలేదు. తర్వాత ఆరు గంటలకోసారి వచ్చిన అంకెలు సంపాదించాను:

ఉదయం 6కి 60,000
మధ్యాహ్నం 12కి 90,000
సాయంత్రం 6కి 1,50,000
అర్ధరాత్రి 12కి 2,10,000
మర్నాడు ఉదయం 6కి 2,40,000

2బి పుస్తకంలో నిశ్చిత సమాకలనాన్ని, అంటే వక్రం కింద వైశాల్యాన్ని, ఒక మొత్తానికి అవధిగా చూపించే భాగం ఉంది కదా, వక్రం కింద దీర్ఘచతురస్రాలు గీసిన బొమ్మతో. మా కాలేజీలో "ఒక మోడల్ చూసుకోండి చాలు" అని దాన్ని దాటేశారు. నా లెక్కకీ ఆ బొమ్మకీ సంబంధం ఉందనిపిస్తోంది. కానీ ఒక్కో ఆరు గంటలకు ఒక దీర్ఘచతురస్రపు పట్టీ అనుకుంటే, ప్రతి పట్టీలో ఏ ఎత్తు తీసుకోవాలి? మొదటి అంకెనా, చివరి అంకెనా? ఏది తీసుకున్నా తప్పే కదా?

---

పైథాన్_పరిచయం | సోమవారం, రాత్రి 8:58

నీ అంకెలు వేసి చూశాను చెల్లీ. ప్రతి పట్టీకి మొదటి అంకె తీసుకుంటే 11.02 టీఎంసీలు. చివరి అంకె తీసుకుంటే 14.90. రెండింటి సగటు 12.96. నువ్వు చూసిన 13 దీనికి దగ్గరగానే ఉంది.

---

సున్నా_నుంచి_అనంతం | సోమవారం, రాత్రి 9:25

జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. చాలామంది పిల్లలు దాటేసే చోట నువ్వు ఆగావు, చాలా సంతోషం.

ముందు నీ చివరి వాక్యం గురించి. "ఏది తీసుకున్నా తప్పే" నిజమే. కానీ రెండు తప్పులూ చెరో వైపున ఉన్నాయి, అది చూడు. వరద పెరుగుతూనే ఉంది కాబట్టి ప్రతి పట్టీలో మొదటి అంకె అన్నిటికంటే చిన్నది. దాంతో చేసిన మొత్తం అసలు కంటే తక్కువే వస్తుంది. చివరి అంకె అన్నిటికంటే పెద్దది, దాని మొత్తం అసలు కంటే ఎక్కువే. అంటే డ్యాంలో చేరిన నీళ్లు 11.02కీ 14.90కీ మధ్యే ఉండి తీరాలి. ఇది అంచనా కాదు, హామీ. మధ్యలో వరద ఎలా వంపులు తిరిగినా సరే, తగ్గకుండా పెరిగితే చాలు.

నువ్వు నాన్నగారికి చెప్పిన 5.18 కూడా ఇలాంటి మొత్తమే. రోజంతటినీ ఒకే పట్టీ చేసి, మొదటి ఎత్తు తీసుకున్నావు. అదే ఒక్క పట్టీకి చివరి ఎత్తు తీసుకుంటే 20.74 వచ్చేది. 5.18కీ 20.74కీ మధ్య అంటే ఎవరికీ ఉపయోగపడదు. నాలుగు పట్టీలు చేసేసరికి అదే సందు 3.89 టీఎంసీలకు దిగింది.

ఈ సందు ఎంతుంటుందో గ్రాఫ్ గీయకుండానే చెప్పొచ్చు. రెండు మొత్తాలకీ తేడా ఏమిటి? ప్రతి పట్టీ పైభాగంలో మిగిలే చిన్న దీర్ఘచతురస్రాలు. అవన్నీ మెట్లలాగా ఒకదానిపైన ఒకటి ఎక్కుతూ పోతాయి. వాటన్నిటినీ పక్కకు జరిపి ఒకే స్తంభంగా పేర్చు. స్తంభం వెడల్పు ఒక పట్టీ వెడల్పు, ఎత్తు మొత్తం పెరుగుదల, 2,40,000 − 60,000 = 1,80,000. పట్టీ పావు రోజు కాబట్టి తేడా 45,000 క్యూసెక్కులు ఒక రోజంతా పారినంత, అంటే 3.89 టీఎంసీలు. గంటకోసారి అంకె దొరికితే వెడల్పు రోజులో 24వ వంతు, సందు 0.65 టీఎంసీ. నిమిషానికోసారి దొరికితే ఇంకెంత తగ్గుతుందో చూడు. "అవధి" అన్న మాట ఇక్కడి నుంచే వస్తుంది. పట్టీలు సన్నబడే కొద్దీ పై మొత్తం, కింది మొత్తం ఒకే సంఖ్య దగ్గర కలుస్తాయి. ఆ సంఖ్యనే నిశ్చిత సమాకలనం అంటాం.

స్తంభంగా పేర్చే ఈ ఉపాయం న్యూటన్‌ది. 1687లో వచ్చిన ఆయన పుస్తకం ప్రిన్సిపియాలో మొదట్లోనే ఉంటుంది. నేను క్లాసులో అట్టముక్కలు కత్తిరించి బల్ల మీద పేర్చి చూపిస్తాను. ఫార్ములాల కంటే అదే పిల్లలకు ఎక్కువ కాలం గుర్తుంటోంది.

---

ఎంపీసీ_సెకండియర్ | సోమవారం, రాత్రి 9:41

మేడం, స్తంభంగా పేర్చడం చదివి కాగితం మీద గీసి చూశాను. నిజంగానే ఒకదానిపైన ఒకటి సరిపోయాయి. చాలా థాంక్స్!

మరి వరద పెరిగి, మళ్లీ తగ్గితే? అప్పుడు మొదటి అంకె చిన్నది అని చెప్పలేం కదా.

---

సున్నా_నుంచి_అనంతం | సోమవారం, రాత్రి 9:50

వరద శిఖరానికి చేరిన చోట రోజును రెండు ముక్కలు చెయ్యి. పెరిగే ముక్కలో మొదటి అంకెలు కింది హద్దు, తగ్గే ముక్కలో చివరి అంకెలు కింది హద్దు. ఎన్నిసార్లు పైకీ కిందికీ పోతే అన్ని ముక్కలు. శిఖరం ఎప్పుడు వచ్చిందో రీడింగుల్లో పడకపోతే మాత్రం ఈ హామీ పోతుంది. అది లెక్కల లోపం కాదు, సమాచారం లేకపోవడం.

---

రిటైర్డ్_ఈఈ | సోమవారం, రాత్రి 10:15

అమ్మా, నీటిపారుదల శాఖలో ఈఈగా (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) పనిచేసి రిటైరయ్యాను. మాకు నోటికి వచ్చే లెక్క ఒకటుంది: 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. 100 కోట్లను 86,400తో భాగిస్తే వచ్చేది అదే. పేపర్ చూస్తూ ఇన్‌ఫ్లోను పన్నెండు వేలతో భాగించుకున్నా మనసులో ఒక అందాజు వస్తుంది.

పెరిగే వరదలో ఉదయం అంకె నమ్ముకుని మోసపోవడం నువ్వొక్కదానివే కాదు. అందుకే వరద రోజుల్లో కంట్రోల్ రూమ్‌లో గంటగంటకూ అంకెలు రాసుకుంటారు. వాన లేని రోజుల్లో రోజుకొకటి చాలు, ఎందుకంటే గ్రాఫ్ దాదాపు అడ్డంగా ఉంటుంది. మేడంగారు చెప్పిన స్తంభం ఎత్తు అప్పుడు తక్కువ, కాబట్టి వెడల్పు ఎక్కువైనా ఫర్వాలేదు. ఇన్నేళ్లూ అనుభవంతో చేసిన పనికి కారణం ఇంత సూటిగా ఇవాళే చదివాను.

---

పాలిటెక్నిక్_సివిల్ | మంగళవారం, ఉదయం 7:10

నేను డిప్లొమా పిల్లలకు సర్వేయింగ్ చెప్తాను. ఇదే లెక్క మా దగ్గర భూమి మీద నడుస్తది. వాగు పక్కన పొలం ఉందనుకో చెల్లె. ఒక దిక్కు తిన్నగా గట్టు, ఇంకో దిక్కు వాగు వంకర. తిన్నగా ఉన్న దిక్కు గొలుసు పట్టి, ప్రతి 10 మీటర్లకు వాగు దాకా అడ్డంగా కొలుస్తం. ఆ అడ్డకొలతల్ని ఆఫ్‌సెట్లు అంటం. 60 మీటర్ల గట్టుకు ఏడు ఆఫ్‌సెట్లు ఇట్ల వచ్చినయ్ అనుకుందాం: 10, 14, 19, 22, 21, 17, 12 మీటర్లు.

చాలామంది ఏం చేస్తరంటే ఏడింటినీ కూడి ఏడుతో భాగించి, ఆ సగటును 60తో గుణిస్తరు. 985.7 చదరపు మీటర్లు వస్తయ్. ట్రెపీజియం పద్ధతిలో రెండు చివరల కొలతల్ని సగం చేసి మిగతావి పూర్తిగా కూడి 10తో గుణిస్తే 1,040. సింప్సన్ రూల్‌తో (కొలతలకు 1, 4, 2, 4 ఇట్ల గుణకాలేసి కూడే పద్ధతి) 1,046.7. ఒక సెంటు అంటే దాదాపు 40.47 చదరపు మీటర్లు. సగటు పద్ధతికీ సింప్సన్‌కూ తేడా సెంటున్నర! రోడ్డు పక్కన జాగ అయితే సెంటున్నర అంటే మాటలా?

సగటు పద్ధతి ఎందుకు తప్పుతదో పిల్లలకు ఇట్ల చెప్తా. మధ్యలో ఉన్న ప్రతి ఆఫ్‌సెట్ తనకు అటు 5 మీటర్లు, ఇటు 5 మీటర్లు, మొత్తం 10 మీటర్లకు బాధ్యత తీసుకుంటది. చివరి ఆఫ్‌సెట్‌కు ఒక్క దిక్కే పొలం ఉంది, 5 మీటర్లే దాని వాటా. సగటు తీసినప్పుడు మనం దానికి కూడా మిగతావాటితో సమానంగా వాటా ఇస్తున్నం. ఇక్కడ చివర్లు సన్నగా ఉన్నయ్ కాబట్టి జాగ తక్కువ చూపిస్తది.

ఇంకో పద్ధతి ఉంది. ఆఫ్‌సెట్ పట్టీ అంచుల దగ్గర కాకుండ పట్టీ నడిమధ్య తీసుకోవడం. కొలతలు ఒకటి తక్కువైతయ్, లెక్క ఇంకా బాగ వస్తది.

---

పైథాన్_పరిచయం | మంగళవారం, ఉదయం 9:02

> కొలతలు ఒకటి తక్కువైతయ్, లెక్క ఇంకా బాగ వస్తది

ఇది నాకు నమ్మశక్యంగా లేదు అన్నా. ట్రెపీజియం వక్రానికి రెండు చివర్లా తగిలి ఉంటుంది. మధ్య పద్ధతిలో ఉత్త దీర్ఘచతురస్రమే, పైకప్పు అడ్డంగా ఉంటుంది. వాలుగా ఉన్న కప్పు కంటే అడ్డంగా ఉన్న కప్పు ఎలా మెరుగవుతుంది?

---

ఎమ్మెస్సీ_మ్యాథ్స్ | మంగళవారం, ఉదయం 10:30

మంచి ప్రశ్న. ముందు అంకెలు చూద్దాం, తర్వాత కారణం. అందరికీ జవాబు తెలిసిన లెక్కే తీసుకుందాం: ఎక్స్² కింద 0 నుంచి 1 వరకు వైశాల్యం, సరిగ్గా 1/3. నాలుగు పట్టీలతో:

ఎడమ ఎత్తులతో 0.21875
కుడి ఎత్తులతో 0.46875
ట్రెపీజియంతో 0.34375
మధ్య ఎత్తులతో 0.328125

ట్రెపీజియం 0.0104 ఎక్కువ చూపింది. మధ్య పద్ధతి 0.0052 తక్కువ చూపింది. సగం తప్పు, అదీ ఎదురు దిక్కులో!

ఇప్పుడు కారణం. పట్టీ మధ్యలో వక్రానికి ఒక స్పర్శరేఖ (అక్కడ వక్రాన్ని తాకుతూ పోయే తిన్నని గీత) గీయండి. ఆ స్పర్శరేఖనే కప్పుగా పెట్టి ఒక ట్రెపీజియం ఊహించుకోండి. దాని వైశాల్యం ఎంత? ట్రెపీజియం వైశాల్యం అంటే మధ్య ఎత్తు ఇంటూ వెడల్పు. స్పర్శరేఖ మధ్య ఎత్తు వక్రం మధ్య ఎత్తే. అంటే మన అడ్డకప్పు దీర్ఘచతురస్రమూ ఆ స్పర్శరేఖ ట్రెపీజియమూ ఒకే వైశాల్యం. కప్పును మధ్యలో మేకుతో బిగించి ఎటు వంచినా, ఒక పక్క పోయినంత ఇంకో పక్క వస్తుంది. కాబట్టి మధ్య పద్ధతిలోనూ వాలు కప్పు దాగి ఉంది. జ్యా (వక్రం మీది రెండు బిందువుల్ని కలిపే గీత) గీసి కప్పు పెట్టడం ట్రెపీజియం పద్ధతి, స్పర్శరేఖ గీసి కప్పు పెట్టడం మధ్య పద్ధతి. గిన్నెలా వంగిన వక్రానికి జ్యా పైన ఉంటుంది, స్పర్శరేఖ కింద ఉంటుంది. అందుకే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ.

ఒకటి రెట్టింపు తప్పు ఎక్కువ చూపి, ఇంకోటి ఒక వంతు తక్కువ చూపితే ఏం చేయాలి? మధ్య విలువను రెండుసార్లు, ట్రెపీజియం విలువను ఒకసారి కూడి మూడుతో భాగించండి. (0.65625 + 0.34375) / 3 = 1/3. ఒక్క దశాంశం కూడా తేడా లేదు. సివిల్ అన్న చెప్పిన సింప్సన్ రూల్ లోపల జరిగేది ఇదే. అందులో 1, 4, 2, 4, 1 అనే గుణకాలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. బట్టీ పట్టి పరీక్ష రాశాను. చాలా కాలం తర్వాత సొంతంగా ఈ సంగతి తట్టినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పట్టీల సంఖ్య రెట్టింపు చేస్తే, నున్నటి వక్రాలకు, ఎడమ, కుడి పద్ధతుల్లో తప్పు దాదాపు సగమవుతుంది. ట్రెపీజియం, మధ్య పద్ధతుల్లో పావు అవుతుంది. సింప్సన్‌లో 16వ వంతు అవుతుంది.

---

పైథాన్_పరిచయం | మంగళవారం, ఉదయం 11:15

కప్పును మేకుతో బిగించి వంచడం అనేసరికి పూర్తిగా అర్థమైంది. నమ్మకం కోసం వంద పట్టీలతో కూడా చూశాను: ఎడమ 0.32835, కుడి 0.33835, మధ్య 0.333325. వంద పట్టీల ఎడమ మొత్తం ఎంత మంచిదో నాలుగు పట్టీల మధ్య మొత్తమూ దాదాపు అంతే మంచిది. కంప్యూటర్ ఉంది కదా అని పట్టీలు పెంచుకుంటూ పోవడమే తెలుసు నాకు. ఎక్కడ కొలవాలి అని ఆలోచించలేదు.

---

సున్నా_నుంచి_అనంతం | మంగళవారం, మధ్యాహ్నం 1:20

సింప్సన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. థామస్ సింప్సన్ 18వ శతాబ్దం మనిషి. ఆయనకు వందేళ్లకు పైగా ముందే ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ ఈ రూల్‌ను వైన్ పీపాలకు వాడాడు. ఆస్ట్రియాలోని లింజ్ పట్టణంలో తన పెళ్లికి పీపాలు కొన్నప్పుడు, వర్తకుడు లోపలికి ఒక కర్ర ఏటవాలుగా దించి, తడిసినంత మేర చూసి ధర చెప్పాడట. కెప్లర్‌కు అది నచ్చలేదు. పీపా ఘనపరిమాణం నిజంగా ఎలా కొలవాలో పట్టుబట్టి 1615లో ఒక పుస్తకమే రాశాడు. రెండు చివర్లూ, నడుమూ కొలిస్తే చాలు. నడుముకు నాలుగు వంతులు, చివర్లకు ఒక్కో వంతు.

మన దగ్గర కేరళ గణితజ్ఞులూ ఈ దారిలో నడిచారు. దాదాపు 1530 ప్రాంతంలో మలయాళంలో రాసిన యుక్తిభాషలో, రేఖను చాలా ముక్కలు చేసి వర్గాల మొత్తం కడితే ముక్కల సంఖ్య పెరిగే కొద్దీ అది ఆ సంఖ్య ఘనంలో మూడో వంతుకు చేరుతుందని వివరించారు. ఎక్స్² కింద వైశాల్యం 1/3 అనడానికి కావలసిన ముడి సరుకంతా అందులో ఉంది.

---

ఎంపీసీ_సెకండియర్ | మంగళవారం, సాయంత్రం 6:35

కాలేజీ నుంచి వచ్చి అన్నీ చదివాను. రెండు డౌట్లు.

ఒకటి, ఎడమ, కుడి, మధ్య అని ఇన్ని రకాలుంటే రీమాన్ మొత్తం అని దేన్ని అంటారు?

రెండు, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) మెటీరియల్‌లో ఒక బిట్ ఉంది. ఎన్ ఫ్యాక్టోరియల్‌కు ఎన్‌వ మూలం తీసి, ఎన్‌తో భాగిస్తే, ఎన్ అనంతానికి పోతున్నప్పుడు అవధి ఎంత? జవాబు 1/ఈ అని ఉంది (ఇక్కడ ఈ అంటే 2.718... అనే సంఖ్య). ఇందులో వైశాల్యం ఎక్కడుంది?

---

ఎమ్మెస్సీ_మ్యాథ్స్ | మంగళవారం, రాత్రి 7:50

మొదటిదానికి: అన్నీ రీమాన్ మొత్తాలే. ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ 1823లో సమాకలనాన్ని నిర్వచించినప్పుడు పట్టీలో ఎడమ ఎత్తే తీసుకున్నాడు. జర్మన్ గణితజ్ఞుడు రీమాన్ 1854లో గోటింగెన్‌లో సమర్పించిన వ్యాసంలో ఒక్క మార్పు చేశాడు: పట్టీలో ఏ బిందువైనా తీసుకోండి, ఒక్కో పట్టీలో ఒక్కో చోటైనా తీసుకోండి. ఎలా ఎంచుకున్నా, పట్టీలు సన్నబడే కొద్దీ మొత్తాలన్నీ ఒకే సంఖ్యకు చేరితేనే ఆ ప్రమేయానికి (ఎక్స్ ఇస్తే ఒక విలువ చెప్పే నియమానికి) సమాకలనం ఉన్నట్టు. ఆయన 39 ఏళ్లకే చనిపోయాడు. ఈ వ్యాసం ఆ తర్వాత, 1868లో అచ్చయింది.

"ఏదైనా" అన్న ఆ మాటలో ఉన్న బలం చూడాలంటే అది ఎక్కడ చెడుతుందో చూడాలి. ఎక్స్ అకరణీయ సంఖ్య (రెండు పూర్ణాంకాల భిన్నంగా రాయగలిగేది) అయితే విలువ 1, కరణీయ సంఖ్య (అలా రాయలేనిది) అయితే 0 అనే ప్రమేయం తీసుకోండి. పట్టీ ఎంత సన్నదైనా అందులో రెండు రకాల సంఖ్యలూ ఉంటాయి. అకరణీయ బిందువులే ఎంచుకుంటే 0 నుంచి 1 వరకు మొత్తం 1. కరణీయ బిందువులు ఎంచుకుంటే 0. కోటి పట్టీలు చేసినా రెండూ దగ్గరకు రావు. దీనికి రీమాన్ సమాకలనం లేదు. అవిచ్ఛిన్న ప్రమేయాలకు (గ్రాఫ్ ఎక్కడా తెగకుండా సాగేవాటికి) ఈ ప్రమాదం ఉండదు. కాబట్టి నీ మొదటి పోస్టులో ప్రశ్నకు, పట్టీలో ఏ ఎత్తు తీసుకోవాలి అన్నదానికి, సిద్ధాంతం ఇచ్చే జవాబు: చివరికి ఏదైనా ఒకటే. చేతిలో నాలుగైదు రీడింగులే ఉన్నప్పుడు మాత్రం ఒకటి కాదు. ఇవాళ మనం మాట్లాడిందంతా ఆ రెండో సంగతి గురించే.

రెండోది మేడం చెబితే బాగుంటుంది.

---

సున్నా_నుంచి_అనంతం | మంగళవారం, రాత్రి 8:30

సహజ లాగ్ తీసుకో అమ్మా. ఎన్ ఫ్యాక్టోరియల్ అంటే 1, 2, 3 అలా ఎన్ వరకు లబ్ధం. మూలం వల్ల బయట 1/ఎన్ వస్తుంది. కింద ఉన్న ఎన్‌ను ఒక్కో పదానికి ఒక్కొక్కటి పంచిపెడితే లోపల 1/ఎన్, 2/ఎన్, 3/ఎన్ అలా లాగ్‌లు మిగులుతాయి. అంటే 1/ఎన్ వెడల్పున్న పట్టీలు, కుడి ఎత్తులు లాగ్ (ఆర్/ఎన్). ఆర్/ఎన్ ఉన్నచోట ఎక్స్, 1/ఎన్ ఉన్నచోట డీఎక్స్. కాబట్టి 0 నుంచి 1 వరకు లాగ్ ఎక్స్ సమాకలనం, విలువ −1. లాగ్ −1 కాబట్టి జవాబు 1/ఈ, అంటే 0.3679.

ఇందులో చాలా పుస్తకాలు చెప్పని ఒక చిక్కుంది. 0 దగ్గర లాగ్ ఎక్స్ అంతు లేకుండా కిందికి పడిపోతుంది. అక్కడ ఎడమ ఎత్తు తీసుకుంటే మొత్తమే ఉండదు. "ఏ బిందువైనా" అనే నియమం ఇక్కడ నడవదు. లాగ్ పెరుగుతూ పోయే ప్రమేయం కాబట్టి కుడి మొత్తాలతో గట్టెక్కుతాం. ఇంకో సంగతి, ఇది చాలా నెమ్మదిగా చేరుతుంది. ఎన్ 10 పెడితే ఇంకా 0.4529 దగ్గరే ఉంటుంది.

---

రిటైర్డ్_ఈఈ | మంగళవారం, రాత్రి 9:45

అందరి మాటలూ చదువుతున్నాను. నా సర్వీసు నుంచి రెండు విషయాలు చెప్పాలనిపించింది.

మొదటిది. చాలా జలాశయాల్లో ఇన్‌ఫ్లోను వాగు దగ్గర నిలబడి కొలవరమ్మా. నీటిమట్టం చూస్తారు. ఏ మట్టానికి ఎన్ని టీఎంసీలో పట్టిక ఉంటుంది. గంట క్రితం నిల్వ ఎంత, ఇప్పుడెంత, మధ్యలో బయటికి ఎంత వదిలాం, ఇవి చూసి గంటలో వచ్చినది ఎంతో వెనక్కి లెక్క కడతారు. అలా వచ్చిన ఇన్‌ఫ్లోలను గంటగంటకూ కూడితే నిల్వ పెరుగుదల సరిగ్గా రాకుండా ఎక్కడికి పోతుంది? మధ్య గంటల నిల్వలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుపోయి చివరిదీ మొదటిదీ మిగులుతాయి.

రెండోది. నదిలో, కాలువలో ప్రవాహాన్ని నేరుగా కొలవాల్సి వస్తే, నది అడ్డుకోతను నిలువు పట్టీలు చేస్తాం. ఒక్కో పట్టీ వెడల్పు, లోతు, అందులో నీటి వేగం గుణించి అన్నీ కూడతాం. మీరంతా చెబుతున్న మొత్తమే. వేగం కొలవడానికి కరెంట్ మీటర్ (నీటి వేగం చూపే పరికరం) దించుతాం. కానీ పైన వేగం ఎక్కువ, అడుగున తక్కువ. ఎంత లోతుకు దించాలి? మాకు నేర్పిన రూల్: పై నుంచి లోతులో 0.6 వంతు దగ్గర. అక్కడి వేగమే ఆ నిలువు మొత్తానికి సగటు వేగం. నీళ్లు బాగా లోతుంటే 0.2, 0.8 దగ్గర రెండుసార్లు కొలిచి సగటు తీసుకుంటాం. 0.6 ఎందుకని అడిగితే మా పైవాళ్లు "అనుభవం" అనేవారు.

---

ఎమ్మెస్సీ_మ్యాథ్స్ | మంగళవారం, రాత్రి 10:20

సార్, మీ మొదటి విషయం కలన గణిత మూల సిద్ధాంతానికి (మార్పు వేగాన్ని సమాకలనం చేస్తే చివరి, మొదటి విలువల తేడా వస్తుందనేదానికి) రుజువే! 1బిలో చదివిన లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం ఏమంటుంది? గంటలో నిల్వ ఎంత పెరిగిందో దాన్ని గంటతో భాగిస్తే వచ్చే సగటు వేగం, ఆ గంటలో ఏదో ఒక క్షణాన నిజమైన వేగం అయి తీరుతుంది. అంటే ప్రతి పట్టీలోనూ ఒక బిందువు ఉంది. అక్కడి ఎత్తు తీసుకుంటే దీర్ఘచతురస్రం వైశాల్యంలో తప్పే ఉండదు. పట్టీ ఎంత వెడల్పున్నా సరే. రీమాన్ ఎలాగూ ఏ బిందువైనా సరే అన్నాడు కాబట్టి ఆ బిందువులే ఎంచుకుంటే మొత్తం కచ్చితంగా చివరి నిల్వలోంచి మొదటి నిల్వ తీసేసినంత.

ఆ బిందువు ఉందని సిద్ధాంతం హామీ ఇస్తుంది. ఎక్కడుందో చెప్పదు. మీ 0.6 మాత్రం ఎక్కడుందో చెబుతోంది!

---

సున్నా_నుంచి_అనంతం | మంగళవారం, రాత్రి 11:05

పడుకోబోతూ ఈఈగారి రూల్ చదివి మళ్లీ లేచి కూర్చున్నాను.

నది అడుగు నుంచి పైకి వచ్చే కొద్దీ వేగం లాగ్ ప్రకారం పెరుగుతుందని హైడ్రాలిక్స్‌లో ఒక సూత్రం ఉంది. లోతు మొత్తం 1 అనుకుందాం. అడుగు నుంచి ఎక్స్ ఎత్తున వేగం అంటే ఒక స్థిరాంకం, దానికి ఇంకో స్థిరాంకం ఇంటూ లాగ్ ఎక్స్ కలిపినంత. సగటు వేగం కావాలంటే 0 నుంచి 1 వరకు లాగ్ ఎక్స్ సమాకలనం కావాలి. అది −1 అని ఇందాకే చెప్పుకున్నాం. అయితే లాగ్ ఎక్స్ విలువ −1 అయ్యేది ఎక్కడ? ఎక్స్ 1/ఈ దగ్గర. అడుగు నుంచి 0.368, పై నుంచి 0.632.

మీ పైవాళ్లు అనుభవంతో చెప్పిన 0.6కు పక్కనే ఉంది సార్. పిల్ల అడిగిన ఎంసెట్ బిట్‌కు జవాబూ ఇదే 1/ఈ.

---

పాలిటెక్నిక్_సివిల్ | బుధవారం, ఉదయం 6:50

హైడ్రాలిక్స్ ల్యాబ్‌లో ఇన్నేండ్లు 0.6 అని బోర్డు మీద రాసిన. ఇవాళ క్లాసులో ఈ లెక్క మొత్తం చేసి చూపిస్తా మేడం.

---

రిటైర్డ్_ఈఈ | బుధవారం, ఉదయం 7:30

మేడంగారూ, ధన్యవాదాలు. ఈ లెక్కను కాగితం మీద రాసుకుని నా పాత ఫీల్డ్ బుక్‌లో పెట్టుకున్నాను.

---

ఎంపీసీ_సెకండియర్ | శుక్రవారం, ఉదయం 8:15

వరద తగ్గుతోంది. నిన్న ఉదయం 6కి 1,80,000, సాయంత్రం 6కి 1,50,000, ఇవాళ ఉదయం 6కి 1,20,000. తగ్గుతోంది కాబట్టి ఈసారి మొదటి అంకెలు పై హద్దు, చివరివి కింది హద్దు. వచ్చిన నీళ్లు 11.66కి తగ్గవు, 14.26కి మించవు. నిన్నటి నుంచి గేట్ల ద్వారా రోజంతా 40,000 వదిలారు, అది 3.46 టీఎంసీలు. తీసేస్తే నిల్వ 8.20కీ 10.80కీ మధ్య పెరగాలి. పేపర్లో చూస్తే 9.3 పెరిగింది.

ఈసారి నాన్నకు ఒక అంకె కాదు, రెండంకెలు చెప్పాను. "ఈ మధ్యలోనే ఉంటుంది" అన్నాను. ఆయన ఆ రెండూ క్యాలెండర్ మీద రాసుకున్నారు. గంటగంట రీడింగులు దొరికే చోటు ఏదైనా ఉంటే చెప్పండి సార్, సందు ఇంకా తగ్గిస్తాను.